కొడుకు ఎందుకు ఏడుస్తున్నాడు? ఒక ముసలి ప్రేమకథ క్లైమాక్స్ మీద ఎడిటింగ్ కేస్ స్టడీ

నేను ఎడిటర్‌గా మధ్యలో చేరిన ఒక సినిమా సంగతి ఇది. సినిమా పేరు, భాష, బ్యానర్, నటీనటులు ఎవరో రాయను, కథలో ఒకట్రెండు వివరాలు మార్చాను కూడా, కాబట్టి ఏ సినిమా అయ్యుంటుందా అని వెతకొద్దు. రాయడానికి కారణం ఒక్కటే. వయసైపోయినవాళ్ళ ప్రేమ, దాని చుట్టూ ఇంట్లో గొడవ, చివర్లో కలవడం, ఈ టైపు కథలు ఇప్పుడు చాలా వస్తున్నాయి, అన్నిట్లోనూ దాదాపు ఒకే చోట సీన్ పండట్లేదు, ఎందుకు పండట్లేదో ఈ కేసులో కొంచెం స్పష్టంగా దొరికింది.

బ్యాక్‌గ్రౌండ్

కథ సింపుల్. 74 ఏళ్ళ పెద్దాయన, భార్య పోయి నాలుగేళ్ళు, కొడుకు ఇంట్లో ఉంటాడు. చెవులు టెస్ట్ చేయించుకోడానికి వెళ్ళిన చోట ఒకావిడ పరిచయం అవుతుంది, ఆవిడకి 68, ఒంటరిగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులు. ఇద్దరూ దగ్గరవుతారు. కలిసి బతుకుతామంటారు. వేరే దేశంలో ఉన్న కూతురు ఓకే అంటుంది, ఇంట్లో ఉన్న కొడుకు ఒప్పుకోడు. పెద్దాయన ఇల్లు వదిలి ఆవిడ దగ్గరికి వెళ్ళిపోతాడు. క్లైమాక్స్‌లో కొడుకు వెతుక్కుంటూ ఆవిడ ఇంటికి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, తప్పయిపోయింది నాన్నా అని ఏడ్చి, తండ్రిని కౌగిలించుకుంటాడు. సుమారు ఏడు నిమిషాల సీన్. ఇద్దరూ మంచి నటులు, పెద్దాయన పాత్ర చేసినాయన అయితే ఎన్నో ఏళ్ళుగా ఫీల్డ్‌లో ఉన్న మనిషి.

నేను వచ్చేసరికి ఫస్ట్ కట్ రెడీగా ఉంది, రెండున్నర గంటలు. మొదట చేసిన ఎడిటర్ డేట్స్ కుదరక వేరే సినిమాకి వెళ్ళిపోయారు. ఆయన పని నీట్‌గానే ఉంది, సమస్య కటింగ్‌లో ఉందని నాకు మొదటి రోజు నుంచీ అనిపించలేదు.

సమస్య ఎలా వచ్చింది

బయటివాళ్ళని పిలిచి ఒక షో వేశారు. ఫస్టాఫ్‌కి నవ్వులే నవ్వులు. ముఖ్యంగా ఒక గ్యాగ్ బాగా పేలింది. కొడుకు గొడవ మొదలుపెట్టగానే పెద్దాయన చేయి మెల్లగా చెవి దగ్గరికి వెళ్ళి హియరింగ్ ఎయిడ్ ఆఫ్ చేసేస్తాడు, కొడుకు అరుస్తూనే ఉంటాడు, ఈయన ప్రశాంతంగా పేపర్ చదువుకుంటాడు. సెకండాఫ్ కూడా ఒక చోటు దాకా బానే వెళ్ళింది. క్లైమాక్స్ వచ్చేసరికి హాల్లో ఫోన్లు వెలగడం మొదలైంది. ఫీడ్‌బ్యాక్ కాగితాల మీద అందరూ రాసింది ఒకటే మాట, ల్యాగ్.

ఇక్కడి నుంచి ఒక్కొక్కరిదీ ఒక్కో వైద్యం. ప్రొడ్యూసర్ గారు ట్రిమ్ చేయమన్నారు. డైరెక్టర్ మ్యూజిక్ సరిగ్గా పడితే లేస్తుందన్నా అన్నాడు. రైటర్ డైలాగ్ మారుద్దామన్నాడు. ఎవరి చేతిలో ఉన్న పనిముట్టు వాళ్ళకి మందులా కనపడుతుంది, ఎడిటింగ్ రూమ్‌లో ఇది రోజూ చూసే తంతే.

నా లెక్కేంటంటే, ఆడియన్స్ ల్యాగ్ అన్నప్పుడు అది లక్షణం, జబ్బు పేరు వేరే. అదే సినిమాలో అంతకంటే పొడుగు సీన్లు ఉన్నాయి, అక్కడ ఎవరూ కదల్లేదు. దేనికోసం ఎదురుచూడాలో తెలిసినప్పుడు జనం పది నిమిషాలైనా కూర్చుంటారు, తెలీకపోతే నలభై సెకన్లకే ఇబ్బంది పడతారు. అందుకని కత్తెర పట్టుకునే ముందు క్లైమాక్స్‌ని రెండు రకాలుగా చూశాను, ఒకసారి మ్యూట్‌లో బొమ్మ మాత్రమే, ఇంకోసారి బొమ్మ ఆపేసి పైలట్ ట్రాక్, అంటే షూటింగ్‌లో రికార్డయిన సౌండ్ మాత్రమే. మ్యూట్‌లో చూస్తే విషయం బయటపడింది. కొడుకు ఏడుస్తున్నాడు, చేతులు కదుపుతున్నాడు, కిందకి చూస్తున్నాడు, తెగ కష్టపడుతున్నాడు. పెద్దాయన ముఖానికి మాత్రం పనేమీ లేదు. క్షమాపణ అందుకోవడం తప్ప ఆయన పోగొట్టుకునేదీ లేదు, ఇచ్చేదీ లేదు. ఆవిడ సంగతి ఇంకా దారుణం, గుమ్మం పక్కన స్తంభంలా నిలబడి ఉంది.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద కొడుకు ఉన్న సీన్లన్నీ వరసగా రాసి, ప్రతి సీన్ పక్కన ఇతనికి తండ్రి నుంచి ఏం కావాలి అని రాసుకున్నాను. నలుగురూ ఏమనుకుంటారు, ఆస్తి, పిల్లల పెళ్ళిళ్ళు, ఇవే. మామూలుగా ఇలాంటి కథల్లో కొడుకులు చెప్పే కారణాలే. కానీ ఒక చోట ముఖం వేరే మాట చెప్తోంది.

ఆ షాట్

ఫస్టాఫ్‌లో ఆవిడ మొదటిసారి వీళ్ళింటికి వచ్చి వెళ్ళిపోతూ ఉంటుంది. వంగలేదు కాబట్టి చెప్పు స్ట్రాప్ పెట్టుకోలేకపోతుంది. పెద్దాయన గోడ పట్టుకుని మెల్లగా ఒక మోకాలి మీద కూర్చుని ఆ స్ట్రాప్ పెడతాడు, వేళ్ళు వణుకుతుంటాయి, రెండుసార్లు జారి మూడోసారి పడుతుంది, ఆవిడ సిగ్గుతో అటూ ఇటూ చూస్తుంది. కొడుకు హాల్లోంచి చూస్తుంటాడు. అక్కడ కొడుకు క్లోజప్ మూడు సెకన్లు ఉంది. ఫస్ట్ కట్‌లో అది కోపం రియాక్షన్‌గా వాడేసి వెంటనే తలుపు వేసే షాట్‌కి వెళ్ళిపోయారు. నేను రషెస్‌లో, అంటే కట్ చేయని అసలు ఫుటేజ్‌లో, ఆ షాట్ పూర్తిగా వేసి చూస్తే, అందులో కోపం లేదు. దెబ్బ తగిలిన పిల్లాడి ముఖం అది.

దానికి జవాబు తీసేసిన సీన్లలో దొరికింది. అదే రోజు రాత్రి కొడుకు భార్యతో మాట్లాడే చిన్న సీన్, లెంగ్త్ కోసం లేపేశారు. అందులో కొడుకు అంటాడు: "అమ్మ ఆపరేషన్ అయ్యి అన్ని రోజులు పడుకుంటే ఒక్కరోజు పక్కన కూర్చోలేదాయన. ఇవాళ ఆవిడ కాలికి చెప్పు తొడుగుతున్నాడు."

ఇదీ అసలు కథ. తండ్రి ప్రేమించడం కొడుక్కి బాధ కాదు. తండ్రికి ప్రేమించడం వచ్చు అని ఇప్పుడు తెలియడం బాధ. ఇన్నాళ్ళూ మా నాన్న తత్వమే అంత, అమ్మ అలాగే సర్దుకుపోయింది అని తనకి తాను చెప్పుకుని బతికాడు. చెప్పు స్ట్రాప్‌తో ఆ సర్దుబాటు మొత్తం కూలిపోయింది. ఇది తెలిశాక కొడుకు వెళ్ళి తప్పయిపోయింది నాన్నా అని ఎందుకు ఏడుస్తాడు? అప్పు ఉన్నది తండ్రి వైపు అయితే కొడుకు తీరుస్తున్నాడు, ఆడియన్స్‌కి ఇది మాటల్లో తెలీకపోయినా ఎక్కడో లెక్క తప్పిందని తెలుస్తోంది, దాన్నే ల్యాగ్ అని రాస్తున్నారు.

ఈ తప్పు లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఊహించొచ్చు. ముసలి తల్లిదండ్రుల సినిమాలకి ఒక పాత బాట ఉంది. 1937లో లియో మెక్‌కేరీ తీసిన 'మేక్ వే ఫర్ టుమారో'లో బ్యాంకు ఇల్లు తీసేసుకుంటుంది, ముసలి దంపతుల్ని పిల్లలు చెరొకచోట పెట్టుకుంటారు. జపాన్ డైరెక్టర్ ఓజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ'కి ప్రేరణ ఆ సినిమానే, అక్కడ కన్నపిల్లలకి తీరిక ఉండదు, చనిపోయిన కొడుకు భార్య ఒక్కతే ఆదరిస్తుంది. మన దగ్గర 1972లో ఎన్టీఆర్, అంజలీదేవి చేసిన 'బడిపంతులు', దాని మూలం 1958 కన్నడ 'స్కూల్ మాస్టర్', హిందీలో 2003లో 'బాగ్‌బాన్'. ఎంత తేడాగా తీసినా వీటన్నిట్లో అప్పు పిల్లల వైపే ఉంటుంది, పెద్దవాళ్ళు ఇచ్చేశారు, పిల్లలు తిరిగి ఇవ్వలేదు. మా స్క్రిప్ట్ కథేమో వేరేది, క్లైమాక్స్ మాత్రం ఈ బాటలోంచి తెచ్చి అతికించారు.

ఏమేం ట్రై చేశాం, ఎందుకు పోయాయి

ఇదంతా చెప్తే రూమ్‌లో వెంటనే అందరూ తలూపలేదు. రీషూట్ అంటే డబ్బు, ఉన్న దాంతో అవుతుందేమో ముందు చూడాలి, అది న్యాయమే. కాబట్టి మిగతా దారులు కూడా వరసగా చేసి చూశాం.

మొదటిది ట్రిమ్. ఏడు నిమిషాల సీన్‌ని ఐదు నిమిషాల లోపుకి తెచ్చాం. పెద్దాయన డైలాగుల మధ్య గ్యాపులు లాగేస్తేనే అంత తగ్గింది. లెంగ్త్ తగ్గింది, కానీ ఆయన మాట వింటే 74 ఏళ్ళ మనిషిలా లేదు, కోర్టులో వాదించే లాయర్‌లా గడగడా మాట్లాడుతున్నాడు. ఇక్కడ ఒక టెక్నికల్ విషయం చెప్పాలి, పెద్ద వయసు నటులతో పని చేసే ఎడిటర్లకి పనికొస్తుంది. గ్యాపులు రెండు రకాలు. నటుడు డైలాగ్ గుర్తు తెచ్చుకునే గ్యాప్ ఒకటి, పాత్ర మాట వెతుక్కునే గ్యాప్ ఒకటి. కళ్ళు చూస్తే తెలిసిపోతుంది. డైలాగ్ కోసం వెతికేటప్పుడు కళ్ళు ప్రాంప్టింగ్ ఇచ్చేవాడి వైపు ఒక్క క్షణం జారతాయి, లేదా గాజుకళ్ళలా ఆగిపోతాయి. పాత్ర వెతుక్కుంటుంటే చూపు ఎదుటివాడి మీదే ఉంటుంది, నోరు, గొంతు ఏదో ఒకటి కదులుతుంటుంది. మొదటివి నిర్దాక్షిణ్యంగా తీసేయొచ్చు. రెండోవి తీస్తే ఆ సీన్‌లో వయసే పోతుంది. ఆ తేడా పట్టుకుని మళ్ళీ కట్ చేస్తే సీన్ మెరుగైంది, కానీ జబ్బు అలాగే ఉంది.

రెండోది మ్యూజిక్. టెంప్ ట్రాక్‌గా, అంటే అసలు మ్యూజిక్ వచ్చేలోపు తాత్కాలికంగా, వయొలిన్లు పెట్టి చూశాం. చూసినవాళ్ళలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు కూడా. బయటికొచ్చి, ఏడిపించడానికే పెట్టారు కదా అన్నారు. ఏడ్చినందుకు వాళ్ళకి కోపం వచ్చిందన్నమాట, నా దృష్టిలో ఇది ఏడవకపోవడం కంటే ప్రమాదం.

మూడోది డబ్బింగ్‌లో సర్దడం. అప్పు తండ్రిది అని రైటర్‌కి పట్టుబడింది, మంచి రైటర్, రాత్రికి రాత్రి పెద్దాయన చేత క్షమాపణ చెప్పించే డైలాగ్ రాశాడు, పెద్దాయన వీపు కెమెరా వైపు ఉన్న షాట్లలో దాన్ని వేశాం. "మీ అమ్మకి నేను అన్యాయం చేశాను రా, ఒప్పుకుంటున్నాను" అని. కాగితం మీద కరెక్టే. స్క్రీన్ మీద తేలిపోయింది. ఎందుకంటే అన్యాయం అన్నది తీర్పు, తనమీద తనే తీర్పు చెప్పేసుకుంటే ఎదుటివాడికి క్షమించడం తప్ప దారి లేదు, అది కూడా ఒకరకం బలవంతమే. పైగా ఆ మాటంతా ఆవిడ ముందు జరుగుతోంది. అప్పుడు చూసినవాళ్ళలో ఒక పెద్దావిడ, పాత్ర వయసే ఉంటుంది, సినిమా అయ్యాక చాలా మామూలుగా అడిగారు: "అంతా బానే ఉంది గానీ బాబూ, ఆవిణ్ణి ఎవరైనా అడిగారా?" డైరెక్టర్ మొహం చూడాలి అప్పుడు. తండ్రీ కొడుకులు ఆవిడ గుమ్మంలో నిలబడి ఆవిడ జీవితం గురించి సెటిల్ చేసుకుంటున్నారు, ఆవిడకి ఒక్క మాట లేదు. ఈ టైపు ప్రేమకథల్లో ఆడమనిషి బహుమతిలా మిగిలిపోవడం మామూలైపోయింది, మేమూ అందులోనే ఉన్నాం.

ఫ్లాష్‌బ్యాక్ ఆలోచన కూడా వచ్చింది, చనిపోయిన భార్య ఆపరేషన్ రోజులు చూపిద్దామని. దాన్ని షూట్ దాకా వెళ్ళనివ్వలేదు. రెండు గంటల దగ్గర ఆమె బాధ కళ్ళతో చూపిస్తే పెద్దాయన్ని ఎవరూ క్షమించరు, మిగిలిన సినిమా అంతా చచ్చిపోతుంది. కొడుకు నోట విన్న బాధ వేరు, తెర మీద చూసిన బాధ వేరు.

పనిచేసింది

మొదటి అడుగు ఖర్చు లేనిది. రాత్రి సీన్ తిరిగి పెట్టాం, అయితే చెప్పు సీన్ తర్వాత వెంటనే పెట్టకుండా రెండు సీన్లు ఆగి. చెప్పు సీన్‌లో కొడుకు క్లోజప్ పూర్తి లెంగ్త్‌లో ఉంచి, తలుపు వేసే షాట్ తీసేశాం. అలా అయితే ఇతనికేమైంది అన్న ప్రశ్నతో ఆడియన్స్ కొంచెం దూరం నడుస్తారు, రాత్రి డైలాగ్ వచ్చాక ఆ ముఖాన్ని మనసులోనే మళ్ళీ చూసుకుంటారు. సినిమా స్కూల్లో అందరూ చదివే కులెషోవ్ ప్రయోగం ఇదే కదా, ఒకే నటుడి ఒకే క్లోజప్‌ని సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన, ఒక స్త్రీ పక్కన పెడితే చూసేవాళ్ళకి మూడు భావాలు కనిపించాయంటారు. పక్క షాట్ మారితే ముఖం మారుతుంది, పక్క షాట్ పది నిమిషాల తర్వాత వచ్చినా మారుతుందని ఇక్కడ అర్థమైంది.

రెండో అడుగు ఆవిడది. ఇంకో తీసేసిన సీన్ ఉంది, కూతురితో వీడియో కాల్‌లో ఆవిడ మాట్లాడేది. "నేను మీ ఇంటికి రానమ్మా. నా ఇల్లు నాకుంది, తాళంచెవి నా దగ్గరే ఉండాలి. మీ నాన్న వస్తానంటే రానీ, వెళ్తానంటే వెళ్ళనీ." ఇది సెకండాఫ్ మొదట్లో పెట్టాం. దీనివల్ల రెండు లాభాలు. నిర్ణయం ఆవిడది అయింది. ఇంకోటి, అమ్మ గదిలోకి ఇంకొకరు వస్తారన్న గొడవ కథలోంచే పోయింది. ఆస్తి, నలుగురి మాట లాంటి కారణాలు పక్కకి తప్పుకుని కొడుకు దగ్గర అసలు కారణం ఒక్కటే మిగిలింది, ఇక దాక్కోడానికి చోటు లేదు.

మూడో అడుగు ప్యాచ్ వర్క్ షూట్, అంటే తక్కువైన ముక్క మాత్రమే మళ్ళీ తీయడం, ఒక్కరోజు. ప్రొడ్యూసర్ గారు ఒప్పుకోవడానికి టైమ్ పట్టింది, పాత క్లైమాక్స్ నుంచి చాలా భాగం పోతుందంటే ఎవరికైనా కడుపు మండుతుంది. ఆవిడ ఇంటి లొకేషన్ ఇక దొరకదు, కొడుకు ఇంటి సెట్ ఉంది. పెద్దాయనతో పగలు సగం రోజుకి మించి పని చేయించకూడదు. ఈ రెండు ఇబ్బందులూ నిజానికి మేలే చేశాయి. కొడుకు ఇంట్లోనే తీయాలంటే ఎవరు ఎవరి దగ్గరికి రావాలో మారిపోతుంది. అప్పున్నవాడే నడిచి రావాలి. మరి ఎందుకొస్తాడు? క్షమాపణ చెప్పడానికి వస్తే మళ్ళీ పాత సీనే. ఏదో మర్చిపోయి రావాలి.

హియరింగ్ ఎయిడ్ బ్యాటరీల అట్ట మర్చిపోయాడు.

ఇది ఎంచుకోవడానికి కారణం, ఆ వస్తువు ఫస్టాఫ్‌లో ఇప్పటికే నవ్వించింది. అది ఆఫ్ చేయడమంటే నీ మాట వినను అని ఆడియన్స్‌కి ఒక అర్థం రిజిస్టర్ అయిపోయింది. కొత్త వస్తువు తెచ్చి ఎమోషన్ మోయించడం కంటే నవ్వించిన వస్తువుని తిప్పి వాడటం ఎప్పుడూ బలం. ఇంకో విషయం ఆ మెషీన్ తెలిసినవాళ్ళని అడిగితే దొరికింది. ఆ చిన్న బటన్ బ్యాటరీలు చాలావరకు జింక్-ఎయిర్ రకం, వెనక రంగు స్టిక్కర్ ఉంటుంది, 13 సైజ్‌కి ఆరెంజ్. స్టిక్కర్ పీకితే గాలి లోపలికి వెళ్ళి బ్యాటరీ పనిచేయడం మొదలవుతుంది, పీకాక ఒక నిమిషం పైన అలా వదిలేసి తర్వాత మెషీన్‌లో పెట్టమంటారు. అంటే సీన్‌కి ఒక నిమిషం ఖాళీ, దానంతట అదే, కారణంతో సహా దొరికింది. ఆ నిమిషంలో పెద్దాయనకి సరిగ్గా వినపడదు.

రైటర్ మొదటి వెర్షన్‌లో ఆ నిమిషంలో కొడుకు మాట్లాడతాడు, తండ్రికి వినపడదు కాబట్టి మనసులోదంతా చెప్పేస్తాడు. వినడానికి చాలా బావుంది, డైరెక్టర్ కూడా ఎగిరి గంతేశాడు. నాకు అనుమానం. ఆ మాటలు ఆడియన్స్‌కి తప్ప ఎవరికీ చేరవు, తండ్రి ఏమీ చెల్లించడు. అది నటులతో కూర్చుని స్క్రిప్ట్ చదివే రీడింగ్‌లో చెప్తే పెద్దాయన పాత్ర చేస్తున్న నటుడు కళ్ళజోడు తీసి, "నాకు వినపడనప్పుడు వాడెందుకయ్యా మాట్లాడతాడు, నేను కదా మాట్లాడాలి, జవాబు వినపడదని ధైర్యం ఉంటుంది నాకు" అన్నారు. అక్కడితో సీన్ కుదిరిపోయింది. అయినా రెండు వెర్షన్లూ తీయించాను, డైరెక్టర్ మనసులో సందేహం ఉంచి ఎడిట్‌కి కూర్చోవడం మంచిది కాదని.

ఫైనల్‌లో ఉన్న సీన్ ఇది. పెద్దాయన వస్తాడు, అట్ట తీసుకుంటాడు, ఆగిపోయిన మెషీన్ అక్కడే మార్చుకోబోతే వణికే వేళ్ళకి స్టిక్కర్ ఊడి రాదు. కొడుకు చూసీ చూడనట్టు ఉండి, చివరికి చేతిలోంచి తీసుకుని గోటితో స్టిక్కర్ లాగుతాడు, బ్యాటరీని టేబుల్ మీద పెడతాడు. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చుంటారు. పెద్దాయన అంటాడు, తన గొంతు తనకి సరిగ్గా వినపడదు కాబట్టి అవసరానికి మించి గట్టిగా: "మీ అమ్మ ఆపరేషన్ రోజు నేను కింద కార్లో కూర్చున్నాను. పైకి రావడానికి భయమేసింది." పక్క గదిలో మనవరాలు తల తిప్పి చూస్తుంది. కొడుకు ఏమీ అనడు. బ్యాటరీ పెట్టి, చిన్న మూత క్లిక్ మనిపించి ఇస్తాడు. పెద్దాయన చెవిలో పెట్టుకుంటుండగా, ఆ మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే చిన్న ట్యూన్ మధ్యలో కొడుకు అడుగుతాడు: "ఆవిడ మోకాలు ఎలా ఉంది?" పెద్దాయన "ఏంటీ?" అంటాడు. కొడుకు మళ్ళీ అడగాల్సి వస్తుంది, ఈసారి గట్టిగా, ఇల్లంతా వినపడేలా.

డబ్బింగ్‌లో తేలిపోయిన క్షమాపణ ఇక్కడ ఎందుకు నిలబడింది అంటే, నాకర్థమైనంతవరకు, ఇక్కడ ఆయన క్షమించమని అడగలేదు. అన్యాయం అని తీర్పు చెప్పుకోలేదు. జరిగింది ఒకటి చెప్పాడు, కార్లో కూర్చున్నాను అని, అది కొడుక్కి ఇన్నేళ్ళూ తెలియని విషయం. అంటే ఆయన రాకపోవడం పట్టింపు లేక కాదు, పిరికితనం వల్ల, ఇది మంచి కారణమేమీ కాదు, కానీ వేరే కారణం. దాన్ని ఏం చేసుకోవాలో కొడుకు ఇష్టం. ఆవిడ అక్కడ లేదు, కాబట్టి ఎవరి పరువూ పోలేదు.

హగ్ గొడవ ఇంకొకటి జరిగింది. ప్రొడ్యూసర్ గారికి కౌగిలింత కావాలి, రెండు గంటలు బిగబట్టినవాళ్ళకి వదులు కావాలి కదా అన్నారు, ఆ మాటలో తప్పేం లేదు. 'మేక్ వే ఫర్ టుమారో'కి కూడా స్టూడియో సంతోషమైన ముగింపు అడిగితే మెక్‌కేరీ ఒప్పుకోలేదు, ఆ ధైర్యానికి ఇవాళ చప్పట్లు కొడతాం గానీ ఆ సినిమాకి అప్పట్లో డబ్బులు రాలేదు, ఆ సంగతి ప్రొడ్యూసర్ గారికీ తెలుసు. నేను చూపించింది 1999 నాటి 'ది స్ట్రెయిట్ స్టోరీ' ముగింపు. ఏళ్ళుగా మాటలు మానేసిన అన్న కోసం ఒక ముసలాయన గడ్డి కోసే బండి మీద ఒక రాష్ట్రం దాటి వెళ్తాడు, నిజంగా 1994లో ఒకాయన చేసిన ప్రయాణం, తీరా కలిశాక దాని మీదే ఇంత దూరం వచ్చావా అన్న ప్రశ్న, అవునన్న జవాబు, అంతే. అక్కడ కౌగిలింత లేదని ఎవరికీ లోటనిపించదు. మాకు వదులు ఆ "ఏంటీ?" దగ్గర వచ్చింది. తర్వాతి షోలో హాలంతా నవ్వింది, ఆ నవ్వులోనే ముక్కులు చీదడం కూడా వినిపించింది. ప్రొడ్యూసర్ గారు హగ్ మాట మళ్ళీ ఎత్తలేదు.

సౌండ్‌లో ఒక నిర్ణయం గురించి కూడా చెప్పాలి. వయసుతో వచ్చే చెవుడులో మొదట పోయేది హై ఫ్రీక్వెన్సీ, స, శ, త లాంటి హల్లులు చెదిరిపోయి మాట ముద్దగా వినిపిస్తుంది. సౌండ్ డిజైనర్ ఆ నిమిషమంతా పెద్దాయన చెవితో వినిపిద్దామని పైన ఉన్నవి కోసేసి ట్రాక్ చేసిచ్చాడు, పని అద్భుతంగా ఉంది. వాడలేదు. పెద్దాయన లోపలికి వెళ్తే ఆయన గట్టిగా మాట్లాడుతున్నాడన్నది మనకి తెలీదు, ఆ సీన్‌లో సిగ్గూ ధైర్యం రెండూ ఆ గట్టితనంలోనే ఉన్నాయి. అందుకని మొత్తం కొడుకు చెవితోనే విన్నాం. మ్యూజిక్ లేదు, ఫ్యాన్ చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఆ ముద్ద ట్రాక్ ఫస్టాఫ్ గ్యాగ్‌లో వాడాం, అక్కడ నవ్వు ఇంకా పెరిగింది.

పెద్దాయన మాట అయ్యాక కొడుకు మీద ఎంతసేపు ఉండాలన్నది చాలా చర్చ. కొడుకు కళ్ళు దించగానే కట్ అన్నాడు డైరెక్టర్. ఇంకో రెండు సెకన్లు, అంటే 48 ఫ్రేములు ఉందామన్నాను, కళ్ళు దించడమంటే బాధ అంతే, దించిన కళ్ళు మళ్ళీ బ్యాటరీ మీదకి వెళ్ళి అయిందా లేదా అని చూడటం ఉంది చూశారూ, అక్కడ అతను తండ్రి పని చేయడానికి ఒప్పుకున్నాడు. కట్ అక్కడ.

ఆవిడ ఇంటి దగ్గర తీసిన పాత ఫుటేజ్‌లోంచి చివర్లో వాడింది ఒక్క వైడ్ షాట్. ఆవిడ ఇంటి ముందు కారు ఆగుతుంది, పెద్దాయన దిగుతాడు, కొడుకు దిగడు. కారు వెంటనే వెళ్ళదు.

ఇలాంటి స్క్రిప్ట్ చేతికొస్తే నేను ఇప్పుడు చూసేవి

ముందు అప్పు ఎటువైపు ఉందో ఒక్క లైన్లో రాయమంటాను రైటర్‌ని. పిల్లలు ఒప్పుకోకపోవడానికి సమాజం, ఆస్తి అని రాస్తే రెండో కారణం అడుగుతాను, పోయిన అమ్మ లేదా నాన్న తరఫున వీళ్ళు మోస్తున్నదేంటి అని. చాలాసార్లు అక్కడ ఒక సీన్ దాక్కుని ఉంటుంది, కొన్నిసార్లు షూట్ చేసి తీసేసి కూడా ఉంటారు, అందుకే తీసేసిన సీన్ల బిన్ మొదటి రోజే తెరుస్తాను. ప్రేమలో ఉన్న ఇద్దరిలో ఆడమనిషికి కాదనే ఛాన్స్ ఉన్న సీన్ ఒక్కటైనా ఉందా చూస్తాను. పెద్ద నటులతో రీడింగ్ తప్పకుండా పెట్టించమంటాను, ఎందుకంటే ఆ వయసు గురించి ఆ గదిలో తెలిసినవాళ్ళు వాళ్ళొక్కరే, మిగతావాళ్ళం ఊహించి రాస్తున్నాం.

అన్నీ సరిపోయాయని చెప్పను. కొడుకు తొందరగా మెత్తబడ్డాడని కొందరు చివరిదాకా అన్నారు, వాళ్ళ మాటలో నిజం ఉంది, మధ్యలో ఇంకో గొడవ సీన్ ఉండాల్సింది, ఫుటేజ్ లేదు. కూతురి ట్రాక్ పలచగానే ఉండిపోయింది. వేరే దేశంలో కూర్చుని ఓకే అనడం ఆమెకి ఎంత తేలికో ఎవరూ నిలదీయలేదు, నిజానికి రోజూ మందులిచ్చేది కొడుకూ కోడలూ కదా.

తర్వాత టీవీ వెర్షన్‌కి కొన్ని నిమిషాలు తగ్గించమని అడిగారు. వాళ్ళు గుర్తు పెట్టి పంపిన లిస్టులో మొదటిదే బ్యాటరీ ముందు కూర్చునే ఆ నిమిషం, ఏమీ జరగట్లేదు కదా అని. దానికి బదులు ఫస్టాఫ్ పాట ఒక చరణం, రెండు కార్ షాట్లు, ఆఫీస్ సీన్ సగం ఇచ్చాం, లెక్క సరిపోయింది. నిమిషం ఉంది.